గర్భసంచి ఎంత జారింది? ఆ కొలతను ఎంతవరకు నమ్మొచ్చు

ఒకావిడ ఒకే నెలలో ఇద్దరు గైనకాలజిస్టులకు చూపించుకుంది అనుకుందాం. మొదటి చీటీలో ‘సెకండ్ డిగ్రీ’ అని రాశారు, రెండో దాంట్లో ‘స్టేజి 3’ అని ఉంది. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఇన్ని రోజుల్లోనే అంత ముదిరిపోయిందా? లేకపోతే ఇద్దరిలో ఒకరు సరిగ్గా చూడలేదా? రెండూ కాకపోవచ్చు. గర్భసంచి మూతి యోని ద్వారం దాటి రెండు సెంటీమీటర్లు బయటికి వచ్చిన మనిషికి ఆ రెండు మాటలూ సరిపోతాయి. ఇద్దరు డాక్టర్లూ చూసింది ఒకటే, పట్టుకున్న స్కేళ్లు వేరు.

ఈ గొడవ మన వైద్య విద్యార్థులు చదివే పుస్తకాల్లోనే ఉంది. ఒక పద్ధతిలో మూతి కిందికి దిగినా ఇంకా యోని లోపలే ఉంటే ఫస్ట్ డిగ్రీ, ద్వారం బయటికి వచ్చి గర్భసంచి ఒళ్లు మాత్రం లోపలే ఉంటే సెకండ్, మొత్తం బయట పడితే థర్డ్. షా పేరుతో పిలిచే పద్ధతిలో ద్వారం దాకా వస్తేనే సెకండ్, బయటికొస్తే థర్డ్, మొత్తం వచ్చేస్తే ఫోర్త్. బేడెన్, వాకర్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు పెట్టిన ‘సగం దారి’ పద్ధతి ఇంకొకటి. అందులో కన్నెపొర వరకు సగం దూరం దిగితే గ్రేడ్ 1, అక్కడిదాకా వస్తే 2, దాటి సగం వస్తే 3. కాబట్టి ఏ పద్ధతో చెప్పకుండా ‘సెకండ్ డిగ్రీ’ అని మాత్రమే రాసిన చీటీ నుంచి తెలిసేది తక్కువే. కొత్త డాక్టరు దాన్ని పక్కన పెట్టి మళ్లీ పరీక్ష చేస్తారు. మంచి పనే.

అసలు జారేది ఏమిటో కూడా ఒక మాట చెప్పుకోవాలి. ‘గర్భసంచి జారింది’ అని అందరం అంటాం కానీ, కింద గడ్డలా తగిలేది చాలామందిలో గర్భసంచి కానే కాదు, యోని ముందు గోడ. దాన్ని ఆనుకుని మూత్రాశయం ఉంటుంది. వెనక గోడ జారితే దాని వెనకున్న పురీషనాళమో, ఒక్కోసారి చిన్నపేగో ముందుకు తోసుకొస్తుంది. పైభాగంలో గర్భసంచి, అది తీసేసిన వాళ్లలో యోని పైకొన. ఈ మూడు చోట్లా జారడం ఒకే మోతాదులో ఉండదు. ఒకే ఒక్క అంకె రాసినప్పుడు అది ఏ గోడకు సంబంధించిందో కూడా మాయమైపోతుంది.

ఈ చిక్కు విప్పడానికే 1990ల్లో యూరోగైనకాలజీ (ఆడవాళ్ల మూత్రాశయం, కటి భాగం సమస్యలు చూసే విభాగం) నిపుణులు కూర్చుని ఒక కొత్త పద్ధతి తయారు చేశారు. 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి లోపు మూడు అంతర్జాతీయ, అమెరికా వైద్య సంఘాలు దాన్ని ఒకదాని వెనక ఒకటి ఆమోదించాయి. 1996లో అది అచ్చయింది. దాన్నే పాప్-క్యూ అంటారు. ‘కొంచెం’, ‘మధ్యస్థం’, ‘బాగా’ లాంటి మాటలకు ఇందులో చోటు లేదు, అన్నీ సెంటీమీటర్లే. సున్నా గీత కన్నెపొర. కాన్పుల తరవాత కూడా దాని అంచులు ద్వారం దగ్గర మిగిలే ఉంటాయి కాబట్టి, ఉన్నవాటిలో కంటికి కనపడే మంచి గుర్తు అదే. గీతకు లోపల ఉంటే మైనస్, బయట ఉంటే ప్లస్. ముందు గోడ మీద రెండు బిందువులు, వెనక గోడ మీద రెండు, పైభాగంలో రెండు. ఇవి కాక యోని మొత్తం లోతు, ద్వారం వెడల్పు, ద్వారానికీ మలద్వారానికీ మధ్య ఉన్న భాగం. మొత్తం తొమ్మిది కొలతలు. బిందువులకు ఏఏ, బీఏ, సీ (గర్భసంచి మూతి), డీ (దాని వెనకున్న యోని లోతైన మూల), ఏపీ, బీపీ అని పేర్లు పెట్టారు. చివరి దానికీ రక్తపోటుకూ సంబంధం లేదు, అయినా కేసు షీటులో పక్కపక్కనే ఉంటే హౌస్ సర్జన్లు కంగారు పడతారు.

లోతు ఒక్కటే మామూలుగా పడుకుని ఉన్నప్పుడు, అన్నీ లోపలికి సర్ది కొలుస్తారు. మిగతావన్నీ ఆవిడ గట్టిగా ముక్కుతున్నప్పుడు. డాక్టరు ఒక చేత్తో సిమ్స్ స్పెక్యులమ్‌తో ఒక గోడను పక్కకు పట్టి, ఇంకో చేత్తో సెంటీమీటరు గీతలు పెట్టిన చెక్క పుల్లను ఎదుటి గోడ వెంట లోపలికి పంపి, “ముక్కమ్మా, ఇంకొంచెం... ఊపిరి వదలకుండా” అంటూ చూస్తారు. అన్నిటికంటే కిందికి దిగిన చోటును బట్టి స్టేజి. కొంత జారినా గీతకు ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ లోపలే ఉంటే 1. గీతకు అటూ ఇటూ ఒక సెంటీమీటరు లోపు అయితే 2. ఒక సెంటీమీటరు దాటి బయటికొస్తే 3. లోతులో రెండు సెంటీమీటర్లు తప్ప మిగతాదంతా తిరగబడి బయటికొచ్చేస్తే 4. చేయి తిరిగిన వాళ్లకు ఈ తొమ్మిది కొలతలకూ రెండు నిమిషాలు పడుతుంది, కొత్తవాళ్లకు నాలుగు నిమిషాల లోపు.

ఇంత పక్కాగా కొలిచాక ఇద్దరు డాక్టర్లకూ ఒకటే జవాబు రావాలి కదా. వస్తుందా? పద్ధతి అచ్చయిన ఏడాదే దీన్ని పరీక్షించారు. 48 మంది మహిళలను ఇద్దరేసి డాక్టర్లు విడివిడిగా, ఒకరి కొలతలు ఇంకొకరు చూడకుండా పరీక్షించారు. స్టేజి సరిగ్గా ఒకటే వచ్చింది 69 శాతం మందిలో. మిగతా వాళ్లలో తేడా ఒక స్టేజి దాటలేదు. అధ్యయనం చేసినవాళ్లు దీన్ని గట్టి ఫలితంగానే చెప్పారు, అది న్యాయమే. కానీ అదే అంకెను అటు తిప్పి చూడండి. పద్ధతి తెలిసిన, శ్రద్ధగా కొలిచిన డాక్టర్ల చేతుల్లోనే, దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇద్దరూ వేరే స్టేజి రాశారు. గంటకు ముప్పై మందిని చూసే ఓపీలో సంగతి వేరే చెప్పాలా?

ఇక్కడ గణాంకాలు కొంచెం లోతుగా చూడాలి, ఎందుకంటే ‘ఈ పరీక్ష నమ్మదగినది’ అనే మాట చాలాసార్లు వీటి మీదే నిలబడి ఉంటుంది. ఆ అధ్యయనం తొమ్మిది కొలతలకూ ఇచ్చిన అంకెలు సహసంబంధానివి. అవి సుమారు 0.49 నుంచి 0.91 వరకు ఉన్నాయి (1 అయితే పూర్తి పొందిక). సహసంబంధం ఒక్కటే అడుగుతుంది: మొదటి డాక్టరు ఎక్కువ చెప్పినవాళ్లకు రెండో డాక్టరు కూడా ఎక్కువే చెప్పారా? ఇద్దరూ ఒకే కొలత చెప్పారా అని అది అడగదు. ఒక డాక్టరు ప్రతి ఒక్కరికీ రెండో ఆయన కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ రాస్తూ పోతే సహసంబంధం నూటికి నూరు, స్టేజీలు మాత్రం పేషెంటు తరవాత పేషెంటుకు తేడా. ఈ సంగతిని బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు గణాంకవేత్తలు 1986లోనే వివరంగా చెప్పారు. ఇద్దరి కొలతల మధ్య తేడా ఎంత, ఆ తేడా ఎంత మేరకు ఊగిసలాడుతోంది అని నేరుగా చూడాలన్నారు. వైద్య పత్రికల్లో ఇప్పటికీ సహసంబంధం చూపించి ‘ఏకాభిప్రాయం బాగుంది’ అని రాసేవాళ్లున్నారు.

స్టేజీల విషయంలో వాడే ఇంకో కొలత కప్పా. 1960లో కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించారు. ఇద్దరు పరీక్షకులు కాకతాళీయంగా ఏకీభవించే అవకాశాన్ని తీసేసి, మిగిలిన ఏకాభిప్రాయం ఎంతో ఇది చెబుతుంది. ఊహించిన లెక్క ఒకటి చూద్దాం. నూరుమంది మహిళలు, ఇద్దరు డాక్టర్లు. ఇద్దరూ ఎవరికి వారు ఎనభై మందికి స్టేజి 2 అని, ఇరవై మందికి స్టేజి 3 అని రాశారు. ఒక్కొక్కరి విషయంలో చూస్తే ఎనభై మందికి ఇద్దరి మాటా ఒకటే. 80 శాతం, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరూ కళ్లు మూసుకుని అదే నిష్పత్తిలో రాసుకుంటూ పోయినా 68 మందికి మాట కలిసేది. అంటే పరీక్ష వల్ల అదనంగా వచ్చింది, రాదగిన 32లో 12 మాత్రమే. కప్పా 0.38 కంటే తక్కువ. అందుకే ఎక్కువమంది ఒకే స్టేజిలో ఉన్నచోట శాతం గొప్పగా, కప్పా దిగువగా కనిపిస్తాయి. రెండూ అబద్ధం కాదు. ఏ గుంపులో కొలిచారో చెప్పకుండా ఏ ఒక్కటి చెప్పినా మాత్రం సగం కథే.

ఇక డాక్టరు ఎంత నిపుణులైనా, ఎదుటి మనిషి శరీరమే పూటకో రకంగా ఉంటుంది. అసలు తేడాల్లో ఎక్కువ భాగం ఇక్కడినుంచే వస్తుందని నాకనిపిస్తుంది. ముందు ముక్కడం సంగతి. పరిచయం లేని గదిలో, కాళ్లు పైకి కట్టిన బల్ల మీద, పక్కన ఇద్దరు విద్యార్థులు నిలబడి ఉంటే ‘గట్టిగా ముక్కు’ అనడం తేలికే, ముక్కడమే కష్టం. గాలో మూత్రమో పోతుందేమో అన్న సిగ్గుతో చాలామంది ముక్కుతూనే కటి కండరాలను బిగబడతారు. అప్పుడు కిందికి రావాల్సింది రాదు. అల్ట్రాసౌండ్‌తో చూసిన ఆస్ట్రేలియా పరిశోధకులు ఈ బిగింపు కొలతను గట్టిగానే తప్పుదారి పట్టిస్తుందని చూపించారు. ముక్కడం కనీసం ఐదారు సెకన్లు సాగకపోతే పూర్తి జారుడు బయటపడదని కూడా చెప్పారు. రెండు సెకన్లు ముక్కించి స్టేజి రాసేస్తే అది తక్కువ అంచనాయే అవుతుంది.

మూత్రాశయం నిండుగా ఉన్నా అంతే. నిండిన మూత్రాశయంతో పరీక్షిస్తే జారుడు తక్కువగా కనిపిస్తుందనీ, ఖాళీ చేయించి నిలబెట్టి చూస్తే ఎక్కువగా కనిపిస్తుందనీ 2004లో ఒక అధ్యయనంలో తేలింది. మన దగ్గర జరిగేది ఏమిటి? ‘స్కానింగ్‌కు బాగా నీళ్లు తాగి రమ్మన్నారు’ అని సీసాలకొద్దీ తాగి వస్తారు. స్కానింగ్ వరుస ఎంతకీ కదలకపోతే, ఈలోపు పరీక్ష చేయించుకుందామని అదే కడుపుతో బల్ల ఎక్కుతారు. బల్ల ఎక్కే ముందు టాయిలెట్‌కు వెళ్లి రమ్మని చెప్పడానికి నర్సుకు అర నిమిషం పట్టదు.

పడుకుని చూడటమా, నిలబెట్టి చూడటమా అన్నదాని మీద పరిశోధనలు ఒక్క మాట చెప్పవు. 1998లో ఒక బృందం, గట్టిగా ముక్కించగలిగితే పడుకున్నా నిలబడినా పెద్ద తేడా లేదంది. 2000లో ఇంకో బృందం 189 మందిని వెల్లకిలా ఒకసారి, నిటారుగా కూర్చోబెట్టే కుర్చీలో ఒకసారి చూసింది. దాదాపు నాలుగో వంతు మందికి నిటారుగా ఉన్నప్పుడు స్టేజి పెరిగింది, తగ్గినవాళ్లు చాలా కొద్దిమంది. రెంటినీ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది, పడుకుని సరిగ్గా ముక్కలేని వాళ్ల విషయంలోనే భంగిమ పెద్ద తేడా తెస్తుంది. ‘పొద్దుటి పూట బాగానే ఉంటుంది, సాయంత్రానికి దిగిపోతుంది’ అని ఆడవాళ్లు చెప్పే మాట మాత్రం కొలతల్లో అంతగా కనపడలేదు. ఉదయం, మధ్యాహ్నం కొలిచి పోల్చిన ఒక అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బాధ పెరగడానికీ సెంటీమీటర్లు పెరగడానికీ ఎప్పుడూ లంకె ఉండదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ విషయం ముందు ముందు పనికొస్తుంది.

ఇంకొకటి, ఇది ఎక్కువ అంచనా వైపు లాగేది: ఆపరేషన్ బల్ల మీద మత్తులో గర్భసంచి మూతిని వల్సెలమ్ అనే కొక్కేల పటకారుతో పట్టి లాగి చూడటం. మత్తులో కండరాలు వదులైపోతాయి, లాగితే ఎవరికైనా కొంత కిందికి వస్తుంది. మెలకువలో, తనంతట తాను ముక్కినప్పుడు వచ్చిన కొలతకూ దీనికీ పోలిక లేదు. లాగి చూశాం, ఇంత వచ్చింది అని ఆపరేషన్ నిర్ణయాన్ని సమర్థించుకోవడం నాకు సమ్మతం కాదు.

1996 నాటి పత్రం రాసినవాళ్లకు ఇవన్నీ తెలుసు. అందుకే జారుడు పూర్తిగా కనపడిందని ఎలా నిర్ధారించుకోవాలో కూడా రాశారు. ముక్కినప్పుడు బయటికొచ్చిన గోడ బిగుతుగా మారిందా, కొంచెం పట్టి చూస్తే ఇంకా కిందికి వస్తోందా, నిలబెట్టి ముక్కిస్తే తేడా వస్తోందా. వీటితోపాటు నాకు బాగా నచ్చింది ఒకటుంది: ఆమెనే అడగాలి. కావాలంటే చేతికి చిన్న అద్దం ఇచ్చి, ‘ఇంట్లో ఎక్కువగా వచ్చినప్పుడు ఇంతేనా, ఇంకా వస్తుందా’ అని అడగాలి. “ఇంకా వస్తుంది మేడమ్, నీళ్ల బిందె ఎత్తినప్పుడు” అని ఆమె చెబితే, అప్పటిదాకా కొలిచింది కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. పద్ధతిలో ఇంత ముఖ్యమైన మెట్టు ఖరీదు ఒక అద్దం. ఓపీల్లో అది ఎంత అరుదుగా కనిపిస్తుందో ఆ గదుల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

అన్నీ సరిగ్గా చేసినా స్టేజి అనే గీతలో ఒక లోపం మిగిలే ఉంటుంది. మైనస్ ఒకటి దగ్గర ఉంటే స్టేజి 2, మైనస్ ఒకటిన్నర దగ్గర ఉంటే స్టేజి 1. తడిగా కదిలే మెత్తటి గోడను చెక్క పుల్లతో కొలిచేటప్పుడు అర సెంటీమీటరు తేడా ఎవరికైనా రావచ్చు. ఆ అర సెంటీమీటరు చీటీ మీద ఒక స్టేజి అయి కూర్చుంటుంది. పైగా స్టేజి 2 గీతకు రెండు వైపులా పరుచుకుని ఉంది. గడ్డ ఇంకా లోపలే ఉండి ఆ సంగతే తెలియని మైనస్ ఒకటి మనిషీ, కూర్చుంటే చేతికి తగిలే ప్లస్ ఒకటి మనిషీ ఇద్దరూ ఒకే స్టేజి. అందుకే కేసు షీటులో స్టేజి ఒక్కటే ఉన్నప్పటికంటే, ‘ముందు గోడ ప్లస్ ఒకటి, మూతి మైనస్ నాలుగు’ అని అంకెలు ఉన్నప్పుడు తరవాతి డాక్టరుకు ఎక్కువ పనికొస్తుంది. తొమ్మిదీ రాయడానికి తీరికలేని వాళ్ల కోసం 2006లో నాలుగు చోట్లే చూసే తేలిక రూపం వచ్చింది. అందులో స్టేజి తేలుతుంది, సెంటీమీటర్లు తేలవు. రద్దీ ఓపీకి అది చాలు, ఆపరేషన్‌కు ముందు చాలదు.

స్టేజి 2 అనగానే భయపడేవాళ్లకు చెప్పాల్సిన అంకె ఒకటుంది. మామూలు చెకప్‌కు వచ్చిన 497 మంది అమెరికా మహిళలను పాప్-క్యూతో కొలిచి 2000లో ఫలితాలు ప్రచురించారు. స్టేజి 0 ఉన్నవాళ్లు 6.4 శాతమే. స్టేజి 1 ఉన్నవాళ్లు 43.3, స్టేజి 2 ఉన్నవాళ్లు 47.7, స్టేజి 3 ఉన్నవాళ్లు 2.6. అంటే ఏ గోడా కదలని మనిషి అరుదు. పరీక్షలో స్టేజి 1, 2 కనపడటం చాలామంది ఆడవాళ్లలో, ముఖ్యంగా కాన్పులైన వాళ్లలో, సాధారణ సంగతి. జబ్బు అని పిలవాలంటే దానితో బాధ కూడా ఉండాలి. ఆ బాధ, అంటే ‘గడ్డ తగులుతోంది, ఏదో బయటికొస్తోంది’ అనే మాట, ఎక్కువగా వినిపించేది జారుడు కన్నెపొర గీత దాకా వచ్చిన దగ్గర్నుంచి అని తరవాతి పరిశోధనలు పదేపదే చూపించాయి. సున్నాను ఆ గీత దగ్గర పెట్టడం కొలతకు మాత్రమే కలిసొచ్చిందని అనుకున్నారు, ఆడవాళ్లు చెప్పే మాటకూ కలిసొచ్చింది.

తెలుగు నేల మీద ఈ చర్చకు బరువు ఇంకా ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. కారణాలు చాలా ఉన్నాయి, అధిక రక్తస్రావం వాటిలో పెద్దది. జారుడు కూడా ఉంది. ‘జారిపోయింది, తీసేయాలి’ అనే మాట వెనక ఏ కొలత ఉందని ఎవరూ అడగరు. గర్భసంచి తీసినంత మాత్రాన జారుడు నయం కాదు. జారింది పట్టుకుని ఉంచే బంధనాలూ కండరాలూ వదులైనందువల్ల. తీసేటప్పుడు పైకొనను మళ్లీ గట్టిగా కట్టకపోతే, కొన్నాళ్లకు ఆ పైకొనే దిగుతుంది. అప్పుడు కేసు షీటులో సీ బిందువు దగ్గర గర్భసంచి మూతి బదులు ఆపరేషన్ కుట్టు మచ్చ ఉంటుంది, డీ దగ్గర ఖాళీ.

కొలతనూ బాధనూ విడిగా చూడాలనడానికి గట్టి ఆధారం 2014లో వచ్చింది. బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో స్టేజి 1 నుంచి 3 వరకు ఉన్న 447 మందితో ఒక ప్రయోగం చేశారు. సగం మందికి ఫిజియోథెరపిస్టు విడిగా కటి కండరాల వ్యాయామాలు నేర్పారు. ఏడాది తరవాత వాళ్లకు బాధ తగ్గింది, స్టేజి మాత్రం చెప్పుకోదగ్గట్టు మారలేదు. జారిందాన్ని పైకి పట్టి ఉంచడానికి యోనిలో పెట్టుకునే పెసరీ రింగుతో పదేళ్లు హాయిగా గడిపేవాళ్ల సంగతీ ఇంతే, రింగు తీసి కొలిస్తే చాలామందిలో స్టేజి ఉన్నచోటే ఉంటుంది.

ఆపరేషన్ ఫలితాల దగ్గర ఈ తేడా ఇంకా విచిత్రంగా కనిపిస్తుంది. 2009లో ఒక అమెరికా బృందం, యోని పైభాగాన్ని త్రికాస్థికి (వెన్నెముక అడుగున ఉండే ఎముకకు) కట్టే ఆపరేషన్ జరిగిన 322 మంది వివరాలు తీసుకుని, వైద్య పత్రికల్లో వాడుకలో ఉన్న 18 రకాల ‘విజయం’ నిర్వచనాలతో లెక్కించి చూసింది. అదే ఆపరేషన్, అదే మనుషులు, అవే కొలతలు. విజయం 19.2 శాతం నుంచి 97.2 శాతం దాకా వచ్చింది. గోడలు ఏ మాత్రం కదలకూడదని పట్టుబట్టిన నిర్వచనం దగ్గర అడుగుకు పడిపోయింది. ‘నాకు నయమైంది’ అని ఆ మహిళలు చెప్పిన మాటకు అన్నిటికంటే దగ్గరగా వచ్చింది మాత్రం కింద గడ్డ తగలడం ఆగిందా లేదా అన్న ఒక్క ప్రశ్న. దాన్ని కొలవడానికి చెక్క పుల్ల అక్కర్లేదు.